లండన్ కంద

మొన్న మా చెల్లెలి కూతురికి ఓణీలు ఇచ్చారు. రాజమండ్రిలో ఫంక్షన్ హాలు తీసుకున్నారు. వేదిక వెనక గోడ కనబడకుండా పువ్వులు కట్టారు. గులాబీ కంటే లావు, ముద్దబంతి కంటే మెత్తన, లేత గులాబీరంగులో రేకు మీద రేకు. దగ్గరికి వెళితే గుడ్డపువ్వులని తెలిసింది.

అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఒక పువ్వుని రెండు వేళ్ళ మధ్య పెట్టి చూసింది. గుడ్డ అని తెలిశాక కూడా వదల్లేదు.

"ముట్టుకోకండమ్మగారూ, గమ్ము ఇంకా ఆరలేదండి" అన్నాడు డెకరేషన్ ఆయన.

"దీని పేరేంటి బాబూ?"

"పియోనీ అంటారండి. ఫారిన్ పువ్వు. ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారండి."

అమ్మ నా వైపు తిరిగింది. "అదేనే" అంది నెమ్మదిగా. "లండన్ కంద."

నలుగురిలో నాకు మాట పెగలదు. తలూపి, చుట్టాలకి కుర్చీలు చూపించే పనిలో పడిపోయాను. ఇంటికొచ్చాక డైరీ తీసి 'లండన్ కంద' అని రాసి, ఆ పైన ఒక్క మాట కూడా రాయలేకపోయాను. ఆ మిగిలింది ఇవాళ రాస్తున్నాను.

బహ్రెయిన్‌లో మేమున్నది బుదైయాలో, ఖర్జూరపు తోటల పక్కన ఒక అరబ్బుల ఇంట్లో. నాన్న ఆ ఇంటి డ్రైవరు. అమ్మ వంటమనిషి. గేటు పక్కన మాకొక గది. యజమానిని బాబా అనాలి, వాళ్ళమ్మగారిని మామా అనాలి. అక్కడి ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళంతా అలాగే పిలిచేవారు. నాకది ఎంతకీ మింగుడుపడేది కాదు. మామ అంటే నాకు తెలిసింది మా అమ్మ తమ్ముడు. ఆయనకి మీసాలుండేవి. నల్లటి ముసుగులో, వెండి ఉంగరాలతో, కాళ్ళు చాపుకుని కూర్చునే ఈ ముసలమ్మ మామా ఎలా అవుతుంది?

"మీసాల్లేని మామ అనుకోవే" అంది అమ్మ.

ఆ ఇంటి వాసనలు నాకింకా తెలుసు. పొద్దున్నే హాల్లో ఊదు పొగ. వంటింట్లో గాజుసీసా నిండా ఎండు నిమ్మకాయలు, గోళీల్లా నల్లగా. మాంసం అన్నంలో వాటిని పొడిచి వేసేవారు. అమ్మ చూడనప్పుడు ఒకటి బుగ్గన పెట్టుకుని బడికెళ్ళేదాన్ని. మొదట చేదు, తర్వాత పులుపు. నాన్న ఆ ఇంటి పిల్లల్ని వాళ్ళ బడి దగ్గర దించి, ఆ కారులోనే నన్ను మన ఇండియా వాళ్ళ బడి దగ్గర దించేవాడు. ఆ పిల్లలు చదివేసి పడేసిన బొమ్మల పుస్తకాలు వెనక సీటు కింద ఉండేవి. అర్థం కాకపోయినా అన్నీ చదివేదాన్ని. తీరంలోని సీఫ్ వైపు వెళ్ళిన రోజున సముద్రంలో మట్టి పోస్తున్న లారీలు కనబడేవి. సముద్రం మీద కూడా ఇళ్ళు కడతారా అని అడిగితే, "డబ్బుంటే ఆకాశం మీద కూడా కడతారు" అనేవాడు నాన్న.

ఇంత సుఖం నాకొక్కదానికే దొరికింది. చెల్లికి దొరకలేదు.

మమ్మల్ని పంపించిన ఏజెంటు ముందే చెప్పాడట. "వాళ్ళు ఒక్క పిల్లంటేనే ఒప్పుకున్నారు. ఇంకో పసిదుందని నోరు జారారో, అందరూ మళ్ళీ విమానం ఎక్కడమే." చెల్లికప్పుడు మూడేళ్ళు నిండలేదు. నా జడ నేను వేసుకోగలను, నా కంచం నేను కడుక్కోగలను. అందుకని నేను. నన్నెవరూ అడగలేదు. కానీ కారెక్కేటప్పుడు చెల్లి నా గౌను అంచు పట్టుకుంది. ఆ పిడికిలి విప్పింది మాత్రం నేనే. "నెమ్మదిగా విప్పవే, ఏడుస్తుంది" అంది అమ్మ. నెమ్మదిగానే విప్పాను.

వెళ్ళిన కొత్తల్లో మామా నన్ను దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని, వచ్చీరాని హిందీలో అడిగింది. "బహెన్? భాయ్?"

నాకప్పటికి ఆ దేశపు మాట ఒక్కటే వచ్చు. పాలు అయిపోతే మాఫీ, కరెంటు పోతే మాఫీ. మాఫీ అంటే లేదు అని.

"మాఫీ" అన్నాను.

పొయ్యి దగ్గర అమ్మ గరిట ఆగింది. మళ్ళీ తిరగడం మొదలైంది. ఆ సాయంత్రం నాన్న నా కోసం బన్ను తెచ్చాడు. ఎందుకో చెప్పలేదు. మన దేశంలో మాఫీ అంటే క్షమించడమని చాలా ఏళ్ళ తర్వాతగానీ నాకు తెలియలేదు.

మామా భర్త లండన్ ఆస్పత్రిలో పోయారు. ఆయన మంచం పక్కనే ఆవిడ నెలల తరబడి కూర్చుంది. కిటికీ కింద తోటలో ఈ పువ్వులుండేవట. ఈ రోజు ఎన్ని విచ్చాయని ఆయన అడిగేవారట, ఆవిడ లేచి చూసి చెప్పేదట. ఇప్పుడు చక్కెర జబ్బు ఆవిడ కళ్ళని కొంచెం కొంచెంగా తినేస్తోంది. చూపు పోయేలోగా ఆ పువ్వు ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. బాబా లండన్ నుంచి వస్తూ దుంపలు తెచ్చాడు. పాకెట్టు మీది పువ్వు బొమ్మని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించారు. అమ్మ రోజూ దాన్ని చూస్తూనే పాలు తీసేది.

దుంపలు బయటికి తీసిన రోజు నాకు బాగా గుర్తు. గోధుమరంగులో, వేళ్ళు వేళ్ళుగా, పైన ఎర్రటి మొటిమల్లాంటి మొలకలు.

"కందే కదా ఇది!" అంది అమ్మ.

"లండన్‌లో కందెక్కడిదే?" అన్నాడు నాన్న.

"అయితే లండన్ కంద. ఇదిగో కన్ను, ఇదిగో ఇంకో కన్ను. దుంపని చూసి జాతి చెప్పకపోతే కడియంలో పుట్టి ఏం లాభం?"

"శినూ?" అంది మామా. ఏమిటంటోంది అని. నాన్న అరబ్బీలో ఏదో సర్దిచెప్పాడు.

అమ్మ కడియం నర్సరీల్లో పెరిగింది. పలక పట్టకముందే ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపింది. అంట్లు కట్టింది. ఆవిడ చెయ్యి పడితే పుల్ల కూడా చిగురిస్తుందని ఊళ్ళో పేరు. అందుకే గొయ్యి తవ్వుతుంటే ఎవరూ ఏమీ అనలేదు. వంటింటి గోడ పక్క, మధ్యాహ్నం నీడ పడే చోట జానెడు లోతు తవ్వింది. ఆగి ఆకాశం వైపు చూసి, ఇంకో బెత్తెడు తవ్వింది.

"పైపైన పెడితే ఈ ఎండకి ఉడికిపోద్ది. దుంపన్నాక లోపల చల్లగా పడుకోవాలి."

నేను ఒక్కొక్క దుంపా అందించాను. కన్ను పైకి ఉండేలా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది. మట్టి కప్పింది. కుళాయి నీళ్ళు అక్కడ ఉప్పగా ఉంటాయి కాబట్టి, మేం తాగడానికి క్యానుల్లో కొనుక్కునే తియ్యనీళ్ళు పోసింది.

కుర్చీలోంచి చూస్తున్న మామా నవ్వింది. "పువ్వు రానీ. నువ్వేది అడిగితే అది ఇస్తాను."

నాన్న తెలుగులో చెప్పాడు. అమ్మ మట్టిచేతులు అలాగే ఉంచి, "ఏదడిగినానా? మళ్ళీ అడగండి, నిజంగా అలాగే అన్నారో లేదో" అంది.

"అన్నారుగా! ఎన్నిసార్లు అడగమంటావు?"

గదికి వచ్చాక అమ్మ బియ్యం కడుగుతూ అంది. "పువ్వు పూసిన రోజే చెప్పేస్తానండి. ఇంకో పిల్లుంది, అబద్ధమాడాం, తప్పయిపోయింది, తెచ్చుకోనివ్వండని."

"ఇప్పుడే చెబితే?"

"ఇప్పుడు చెబితే అబద్ధం ఒక్కటే కనబడుద్ది. ఆ రోజైతే పువ్వు కూడా కనబడుద్ది."



ఊరు వెళ్ళొచ్చేవాళ్ళతో అమ్మమ్మ క్యాసెట్టు పంపేది. అందులో కోళ్ళు, సైకిలు బెల్లు, అమ్మమ్మ దగ్గు. "చెప్పవే, అమ్మా బాగున్నావా అని చెప్పు" అని అమ్మమ్మ గుసగుస. చాలాసేపు చెల్లి ఊపిరి మాత్రమే వినబడేది. తర్వాత, "అమ్మా, పువ్వు పూసిందా?" పువ్వు పూస్తే నిన్ను తీసుకొస్తానని అమ్మే అక్కడినుంచి క్యాసెట్టులో చెప్పి పంపింది. అమ్మ ఆ ముక్క దగ్గరికి వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వినేది. ఉల్లిపాయలు తరిగేటప్పుడే వినేది.

శుక్రవారాలు హమద్ టౌన్ వెళ్ళేవాళ్ళం. మా పక్క ఊరావిడ అక్కడ ఇళ్ళల్లో పని చేసేది. అమ్మని వదినా అనేది, నేను అత్తా అనేదాన్ని. తెలుగు ప్రార్థన నుంచి తిన్నగా వచ్చి, బైబిలు మంచం మీద పెట్టి, చేపల పులుసు పొయ్యి మీద పెట్టేది. నోరు మాత్రం క్షణం ఊరుకునేది కాదు.

"ఏం వదినా, బచ్చలి నేను డబ్బాలో పెంచుతున్నా. నీ లండన్ కంద తవ్వుకొచ్చావంటే వచ్చే శుక్రవారం కంద బచ్చలి కూరే."

"నోర్ముయ్. మా మామా విందంటే నన్ను తవ్వి పాతుద్ది."

"పాతినా నువ్వు చిగురిస్తావులే, కడియందానివి."

ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. బయల్దేరేటప్పుడు అత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. "ప్రార్థనలో పెట్టాను వదినా. పువ్వు కోసమంటే నవ్వుతారని, పిల్ల కోసమని చెప్పాను."

చలికాలం వచ్చింది. ఆ మొక్కకి మంచు పడాలని ఎవరో బాబాకి ఫోనులో చెప్పారు. బహ్రెయిన్‌లో మంచు ఎక్కడిది? ఫ్రిజ్‌లో ఉంది. రోజూ సాయంత్రం ఐసుముక్కలు తీసుకెళ్ళి దుంపలు పాతిన చోట పోసే పని నాకు పడింది. "యల్లా, పద, నీ డ్యూటీ టైమైంది" అనేవాడు నాన్న. ఐసుకి చేపల వాసన ఉండేది. అయినా ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. మిగతావి పోసేసి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే చంకలో పెట్టుకునేదాన్ని.

పోసి వచ్చాక మామా దగ్గర కూర్చోవాలి. మసక పెరిగేకొద్దీ ఆవిడకి నేను కావాల్సి వచ్చేది. గోడ మీద పిట్ట ఏం చేస్తోంది, మనవరాలి గౌను ఏ రంగు, ఆకాశంలో మబ్బుందా, అన్నీ నేనే చెప్పాలి. నా అరబ్బీ సగం తప్పు. ఆవిడ దిద్దేది కాదు, నవ్వేది. ఖర్జూరంలో గింజ తీసి బాదంపప్పు పెట్టి నోటికి అందించేది. నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ఉయూనీ అనేది. అంటే నా కళ్ళు అని.

ఎవరి ముందూ నోరు విప్పని నేను ఆవిడ దగ్గర వాగుడుకాయని. ఆ ఒడిలో తల పెట్టుకుంటే ఊదు వాసన, మందుల వాసన, చల్లటి ఏసీ గాలి. అప్పుడే నాకు చెల్లి గుర్తొచ్చేది. చెల్లి మాటకారి. ఎవరినైనా ఇట్టే నవ్విస్తుంది. అది వస్తే ఈ ఒడి దానిదే. అది వస్తే నేను మళ్ళీ తలుపు చాటున నిలబడే పిల్లని.

ఐసు పోస్తూ ఒకరోజు మట్టిలోని దుంపలతో అన్నాను. "ఈ ఏడొద్దు. వచ్చే ఏడు పుయ్యి."

ముక్కలు తగ్గించలేదు. ఒక్క రోజు కూడా మానలేదు. కానీ ఆ మాట అన్నాను. ఒక్కసారి కాదు.

చలి తగ్గేసరికి ఎర్రటి మొలకలు భూమిలోంచి లేచాయి. అమ్మ పరుగెత్తుకెళ్ళి పాల గిన్నె పొయ్యి మీద మర్చిపోయింది. ఆకులు విప్పుకున్నాయి, ముదురుపచ్చగా, నిగనిగలాడుతూ. రోజూ పొద్దున్నే అమ్మ ఆకుల మధ్య వేళ్ళు పెట్టి, ప్రతి చివరా నొక్కి చూసేది. మామా హాల్లోంచి అరిచేది.

"ఉయూనీ! మొగ్గ?"

"మాఫీ, మామా."

నేను తప్ప ఇంకెవరూ ఆ జవాబు చెప్పేవారు కాదు. అది కూడా నా డ్యూటీయే.

"మార్పిడి మొక్క కదా, ఒక ఏడు అలుగుద్ది. వేరు నిలదొక్కుకోనీ" అంది అమ్మ. ఎండలు ముదిరి ఆకులు మాడాయి. క్యాసెట్టులో చెల్లి గొంతు కొంచెం ముదిరింది. "అమ్మా, పువ్వు పూసిందా?" అన్న ప్రశ్న మాత్రం అదే. తర్వాతి చలికాలం నేను ఐసు రెట్టింపు పోశాను. "ఇప్పుడు పుయ్యి, ఇప్పుడు పుయ్యి" అన్నాను. నా మొదటి మాటే విందో, రెండోది వినలేదో. ఆకులు ఇంకా ఏపుగా వచ్చాయి. మొగ్గ మాత్రం లేదు.

ఆ ఎండాకాలం మామా తనని మొక్క దగ్గరికి నడిపించమంది. అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క. వంగి ఆకుల్ని తడిమింది, ముఖం తడిమినట్టు. చివరి దాకా తడిమి లేచింది.

"ఖలాస్" అంది. అయిపోయిందని. కోపంగా అనలేదు.

అప్పటికి ఆవిడకి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఇంక పువ్వు పూసినా ఆవిడకి చూడ్డానికి లేదు. అమ్మకి అడగడానికి లేదు.

అమ్మమ్మ మంచాన పడిందని కబురొచ్చింది. చెల్లిని చూసుకునేవాళ్ళు లేరు. మేము ముగ్గురం వెనక్కి వచ్చేయాలని నాన్న నిర్ణయించాడు. సామాను సర్దుతుంటే మామా మా గదికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. మంచం మీద కూర్చుని, చూడలేదు కాబట్టి, పెట్టెలో వస్తువులన్నీ చేత్తో తడుముతూ ఇది ఏమిటి అది ఏమిటి అని అడిగింది. ఒక దగ్గర చెయ్యి ఆగింది. అమ్మ కొన్న చిన్న గౌన్లు. ఒకటి తీసి పైకెత్తి, ఆ పొడుగు కొలిచి, "ఇది ఉయూనీకి పట్టదు. ఎవరికి?" అంది.

అమ్మ నాన్నని చూసింది. ఇంక భయపడేదేముంది? "చిన్నదుంది మామా. నా రెండో కూతురు. మా ఊళ్ళో."

నాన్న ఆ మాటలన్నీ అరబ్బీలో చెప్పాడు. మామా గౌను ఒళ్ళో పెట్టుకుని, అంచు మడతపెట్టింది, విప్పింది. హిందీలోనే నేరుగా అమ్మతో అంది.

"ఎందుకు తేలేదు? నా ఇంట్లో జాగా మాఫీ?"

అమ్మ నోరు తెరిచింది. "పువ్వు పూస్తే అడుగుదామని..." నాన్న ఆ మాట అనువదించలేదు. అమ్మ కూడా మళ్ళీ చెప్పలేదు.

మామా తల నా వైపు తిప్పింది. నన్ను అడిగింది కదా, మొదట్లోనే. గుర్తుందని ఆ తల తిప్పడంలోనే తెలిసింది. నేను కిటికీ కర్టెను పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి చాపింది. వెళ్ళాను. నా తల మీద చెయ్యి వేసి, "ఉయూనీ" అంది, రోజూ అన్నట్టే. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఊళ్ళో దిగేసరికి చెల్లి అమ్మమ్మ మంచంకోడు వెనక నిలబడి ఉంది. అమ్మ చేతులు చాపితే రాలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "పువ్వు తెచ్చారా?" అని అడిగింది. అంతే. తర్వాత రాత్రులు నాతోనే పడుకునేది. నా గౌను అంచు పట్టుకునేది. నేను ఎప్పుడూ ఆ పిడికిలి విప్పలేదు, చెయ్యి తిమ్మిరెక్కినా.

చాలా ఏళ్ళ తర్వాత, కాలేజీ లైబ్రరీలో తోటపని పుస్తకం ఒకటి చేతికొచ్చింది. నేను చదవని షెల్ఫు అదొక్కటే మిగిలింది. అందులో ఆ పువ్వు బొమ్మ. ఆ దుంప కన్నులు నేలకి రెండు వేళ్ళ కిందే ఉండాలట. లోతుగా పెడితే ఏళ్ళ తరబడి ఆకులే వేస్తుంది, పువ్వు మాత్రం పూయదట. ఎన్నిసార్లు చదివానో. నా మాట విని ఆగలేదన్నమాట. గుండెల మీది బండ దిగిపోయింది. పేజీ తిప్పేంతసేపు. తర్వాత మట్టి తీస్తున్న అమ్మ చేతులు కనబడ్డాయి. ఆకాశం వైపు చూసి ఇంకో బెత్తెడు తవ్విన చేతులు.

వేడి దేశాల్లో ఈ మొక్క పూయడం కల్ల అని కూడా ఆ పుస్తకంలో ఉంది. అదీ నిజమే కావచ్చు. దేనివల్ల పూయలేదో ఇప్పుడెవరు చెబుతారు? పుస్తకం మూసి షెల్ఫులో పెట్టేశాను. ఇంటికి తీసుకెళ్ళలేదు. ఆ తప్పు నా దగ్గరే ఉండనివ్వడం మేలనిపించింది. నాకది అలవాటే.

మొన్న ఫంక్షన్ అయ్యాక, జనం వెళ్ళిపోయాక, మేము ముగ్గురం వేదిక మెట్ల మీద కూర్చున్నాం. చెల్లి చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. గోడ మీంచి ఒక పువ్వు పీకి అమ్మ కొప్పులో పెట్టింది.

"ఇదేనా అక్కా ఆ పువ్వు? నాకు గుర్తులేదనుకుంటున్నారా మీరు? ఇదిగో, పూసింది. ఇంక నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

అమ్మ పగలబడి నవ్వింది. చెల్లీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక అమ్మ కొప్పులో పువ్వు తీసి ఒళ్ళో పెట్టుకుంది. గమ్ము ఆరి ఉంది.

"ఎందుకు పూయలేదంటావే?" అంది నన్ను.

"ఎండమ్మా. ఆ ఎండకి ఏం పూస్తుంది?"

"నేనూ అదే అనుకున్నా." అమ్మ రేకుల్ని ఒక్కొక్కటిగా సవరించింది. "అయినా నేను చెయ్యాల్సింది చేశానే. ఎండ తగలకూడదని లోతుగానే పెట్టాను కదా."

చెల్లి నా భుజం మీద తల వాల్చింది.

"అవునమ్మా" అన్నాను. "లోతుగానే పెట్టావు."